కోయాలా, ఆగాలా: విశాఖ కార్తెలో ఒక వారపు వాతావరణ అంచనా

నేపథ్యం

నేను వాతావరణ శాఖ మనిషిని కాదు. గోదావరి మధ్య డెల్టాలో ఒక రైసు మిల్లులో గుమస్తాను. ధాన్యం కాటా దగ్గరికి రాగానే మీటరు పెట్టి తేమ చూసేది నేనే. కోతల్లో నాలుగు చినుకులు పడితే ఎవరి సంపాదన ఎంత కరిగిపోతుందో రోజూ కళ్లముందు కనబడే ఉద్యోగం ఇది. వాతావరణం పిచ్చి అక్కడే అంటుకుంది. మేడ మీద వానమాపకం ఉంది. ఫోనులో ఉపగ్రహ చిత్రాలు, మచిలీపట్నం, విశాఖపట్నం రాడార్లు, వాతావరణ శాఖ బులెటిన్లు, రాబోయే వాతావరణాన్ని కంప్యూటరుతో లెక్కగట్టే మోడళ్లలో అమెరికా వాళ్ల జీఎఫ్ఎస్, యూరప్ వాళ్ల మోడలు చూస్తాను. సార్వా (వానాకాలపు వరి) కోతల రోజుల్లో శనివారం శనివారం వచ్చే వారానికి అంచనా రాసి చుట్టుపక్కల రైతుల వాట్సాప్ గ్రూపులో పెడతాను.

ఒక కట్టుబాటు మాత్రం ఉంది. శాఖ హెచ్చరికకు ఎదురుగా ఒక్క ముక్క రాయను. తుఫాను పేరు, రంగుల హెచ్చరిక, సముద్రంలోకి వెళ్లొద్దనే మాట అన్నీ వాళ్లవే. వాళ్లు జిల్లా మొత్తానికి చెప్పిన మాట ఫలానా చేలో దిగేసరికి ఏమవుతుందో చూడటం వరకే నా పని.

శరదృతువు మా డెల్టాలో చేతికొచ్చిన పంటకు, సముద్రానికి మధ్య పందెం. నైరుతి వెనక్కి తగ్గాక ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యే సాధారణ తేదీ అక్టోబరు 20. వాటి రోజువారీ వాన తమిళనాడు, నెల్లూరు వైపు పడినంతగా ఇక్కడ పడదు. మాకు భయమల్లా బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాలతోనే. చిత్త చిత్తగించి, స్వాతి చల్లజేసి, విశాఖ విసరకుంటే అనూరాధ అడిగినంత పండుతానన్నదని పెద్దలు చెప్పుకునే సామెత ఉంది కదా, అందులో ‘విసరకుంటే’ అన్న షరతు విశాఖకు ఊరికే పెట్టలేదు. ఆ కార్తె ఇంచుమించు నవంబరు 6న మొదలై 19 దాకా నడుస్తుంది. కోనసీమ కొబ్బరిని ఊడ్చేసిన 1996 తుఫాను తీరం దాటింది నవంబరు 6న. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న.

ఈ కేసు ఒక విశాఖ కార్తెలోది. ఏడాది, ఊరు, పేర్లు రాయడం లేదు. పొలం వివరాలు కూడా మనిషిని గుర్తుపట్టకుండా కొద్దిగా మార్చాను. ఇది రాయడానికి కారణం ఒక్కటే: అంచనా ఎంత సరిగ్గా ఉందన్న దానికంటే, దాన్ని ఏ ప్రశ్నకు జవాబుగా రాశామన్నది ఎంత ముఖ్యమో ఈ ఆరెకరాలు బాగా చూపించాయి.

వచ్చిన సమస్య

రైతు యాభై దాటిన మనిషి, కౌలుదారు. మొత్తం ఆరెకరాలు స్వర్ణ రకం వరి వేశాడు. అందులో రెండెకరాలు మెరక, రోడ్డు పక్కన. నాలుగెకరాలు పల్లం, మురుగు కాలువకు ఆనుకుని. జులై వానలకు పల్లం నాట్లు మునిగిపోతే మళ్లీ నారు కొని తెచ్చి ఊడ్చాడు. దాంతో ఒకే రకం వేసినా రెండు చేలకూ మధ్య దాదాపు రెండు వారాల తేడా వచ్చేసింది. మక్తా (కౌలు) ఎకరానికి ఇన్ని బస్తాలని ముందే మాట అయిపోయింది. పంట పండినా పడుకున్నా ఆ బస్తాలు భూమి గలాయనకు కొలవాల్సిందే. కాబట్టి చివరి బస్తా నష్టం పూర్తిగా ఈయనదే.

శనివారం సాయంత్రం తుండుగుడ్డలో రెండు చేల కంకులూ విడివిడిగా కట్టుకుని మిల్లుకు వచ్చాడు.

“గుమస్తా గారూ, టీవీలో అల్పపీడనం అంటన్నారండి. కోసేయమంటారా, ఆగమంటారా? రెండిట్లో ఒకటి చెప్పండి చాలు.”

“ముందు కంకులు చూద్దాం బాబాయ్,” అన్నాను.

మెరక కంకిని అరచేతిలో నలిపితే గింజ గలగలా రాలింది. పంటి కింద పెడితే కటుక్కుమంది. పల్లం కంకి అలా కాదు. పైసగం బంగారు రంగు తిరిగింది, అడుగున గింజలు ఇంకా లేతాకుపచ్చగానే ఉన్నాయి. గోరుతో నొక్కితే మెత్తగా, పిండిలా చిదిగిపోయింది. అది కోతకు రావాలంటే ఇంకో వారం పది రోజులు ఎండాలి. ‘ఆరెకరాలు కోయాలా వద్దా’ అన్న ప్రశ్న అక్కడే రెండైపోయింది. ఆయన ఒక్క ప్రశ్నే అడిగాడు కానీ, చేలు రెండు, జవాబులూ రెండు కావచ్చు.

ఆ శనివారం చేతిలో ఉన్న సమాచారం ఇదీ. ఆగ్నేయ బంగాళాఖాతంలో ఆదివారానికి అల్పపీడనం ఏర్పడవచ్చని శాఖ చెప్పింది. యూరప్ మోడలు దాన్ని పడమరకు నడిపి దక్షిణ కోస్తా వైపు తెస్తోంది, మా దగ్గర బుధవారం రాత్రి నుంచి శుక్రవారం దాకా వాన చూపిస్తోంది. జీఎఫ్ఎస్ అదే వ్యవస్థను బలపరిచి, ఉత్తరానికి తిప్పి, ఒడిశా వైపు పంపేస్తోంది, మాకు పెద్దగా వానే లేదంటోంది. రెంటికీ పొత్తు కుదిరిన విషయం ఒక్కటే: మంగళవారం సాయంత్రం దాకా పొడి వాతావరణం, ఈశాన్యపు గాలి.

ఈ తేడా మా రైతుకు ఎందుకు అంత ముఖ్యమో ఒక ముక్క చెప్పాలి. మన అర్ధగోళంలో వాయుగుండం చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. అది మాకు దక్షిణంగా, నెల్లూరు, ఒంగోలు వైపు తీరం దాటితే మేం దానికి ఉత్తరాన ఉంటాం, సముద్రం మీది తడి గాలి తూర్పు నుంచి నేరుగా మా మీదకు కొడుతుంది. మాకు ఉత్తరాన, ఒడిశాలో దాటితే మాకు భూమి మీంచి వచ్చే వాయవ్యపు గాలి, అంటే ఎక్కువసార్లు ఎండే. నాలుగు వందల కిలోమీటర్ల దారి తేడా మా చేలో కోతకూ కొంపమునగడానికీ మధ్య తేడా అవుతుంది.

ముందుగా ప్రయత్నించినవి, పనిచేయనివి

మామూలుగా నేను రాసే అంచనా శాతాల్లో ఉండేది. ఆ శనివారం గ్రూపుకు వెళ్లిన మొదటి రూపం కూడా అంతే: బుధ–శుక్రవారాల్లో వానకు 40 శాతం అవకాశం. యూరప్ మోడలును కొద్దికొద్దిగా మార్చిన ఆరంభ స్థితులతో 51 సార్లు నడుపుతారు. ఎన్ని నడకల్లో మాకు వాన పడిందో చూసి ఈ అంకె తీస్తాను, అంకెగా దానికి వంకేమీ లేదు. ఆయన దాన్ని విన్న తీరు ఇది: “అరవై పాళ్లు పడదన్నమాట. అయితే మొత్తం కోసేద్దాం, మనుషుల్ని పెట్టి.” అదే అంకె చూసి పక్క చేను ఆసామి “నలభయ్యా! అమ్మో” అని కోత మాన్పించేశాడు. ఒక్క అంకె, రెండు వ్యతిరేక నిర్ణయాలు. అంకెలో వాన ఉంది కానీ వాళ్ల చేను లేదు.

రెండు మోడళ్లనూ కలిపి మధ్యస్తంగా చెప్పడం ఇంకో అలవాటు. ఒకటి ఎనభై మిల్లీమీటర్లు, ఇంకోటి సున్నా అంటే “ఓ మాదిరి వాన” అనేయడం. చూడ్డానికి పెద్దమనిషి తరహాలో ఉంటుంది కానీ ఓ మాదిరి వాన పడుతుందని ఆ రెంటిలో ఏ ఒక్కటీ చెప్పలేదు. రావులపాలెం నుంచి ఒక బస్సు రాజమండ్రి, ఇంకో బస్సు తణుకు వెళ్తుంటే సగటు తీసినవాడు గోదాట్లో దిగాలి. ఈ కేసులో ఆ సగటును గ్రూపులో పెట్టకుండానే పక్కన పెట్టాను.

ఫోనులో ఉచితంగా వచ్చే వాతావరణ యాప్‌ను ఆయన కొడుకు నమ్ముతాడు. అందులో గురువారం గంట గంటకూ మబ్బు బొమ్మలే. ఐదు రోజుల అవతలి గంటను బొమ్మ వేసి చూపించడం ధైర్యమే అనాలి. పైగా ఈ కాలంలో సముద్రం మీది వాన జల్లులు తీరంలో ఎక్కువగా అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున పడతాయి. పది గంటలకు ఎండ కాసిన రోజులు ఎన్నో. యాప్ ఆ రోజును ‘వాన రోజు’ అంటుంది. ధాన్యం ఆరబోసుకునే ఇల్లాలికి అందులో ఐదారు గంటల ఎండ ఉంది.

ఇంక జ్ఞాపకాలు. చావడి దగ్గర ఒక వర్గం 1996 గురించి మాట్లాడుతోంది, రెండో వర్గం లెహర్ గురించి. 2013 నవంబరులో ముందు హెలెన్ వచ్చి మచిలీపట్నం దగ్గర తీరం దాటి చేలను పడుకోబెట్టింది. వారం తిరక్కుండానే లెహర్ అతి తీవ్ర తుఫానుగా బయల్దేరింది. హడలిపోయి అంతా ఎదురుచూస్తే, పొడిగాలి చొరబడి, పైస్థాయి గాలులు దాని తలను పక్కకు నెట్టేసి, సముద్రం మీదే నీరసించి చివరికి వాయుగుండంగా తీరం చేరింది. “లెహర్‌కీ ఇలాగే చెప్పారండి, ఏవైంది?” అన్నాడు మా రైతు. ఏ ఏడాది దెబ్బ తిన్నవాడికి ఆ ఏడాదే అంచనా. ఆ వాదనలోకి దిగితే తెల్లారిపోతుంది. నేను దిగలేదు.

వాతావరణ శాఖ మాట కూడా యథాతథంగా చేరలేదు. బులెటిన్‌లో “ఒకటి రెండు చోట్ల భారీ వర్షాలు” అని ఉంది. శాఖ పరిభాషలో భారీ అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు, ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా. చేలో నిలబడ్డ మనిషికి ‘భారీ’ ఒక్కటే వినబడుతుంది. ఆ నాలుగో వంతులో తన చేను ఉంటుందో లేదో శాఖ చెప్పలేదు, చెప్పలేదు కాబట్టే తన మీదే పడుతుందనుకుంటాడు. ఇందులో శాఖ తప్పేమీ లేదు, ఆ వాక్యం రాసింది జిల్లాకు.

పనిచేసిన దారి

ఆదివారం పొద్దున్నే అంచనాను తలకిందులుగా రాశాను. వాన దగ్గర మొదలుపెట్టకుండా చేను దగ్గర మొదలుపెట్టాను: ఏ పనికి ఎన్ని పొడి రోజులు కావాలి, అంచనా తప్పితే ఏ పనిలో ఎంత పోతుంది.

మనుషులతో కోయిస్తే పనలు చేలోనే మూడు నాలుగు రోజులు ఎండాలి, ఆ తర్వాత కుప్ప, నూర్పు. ఆదివారం కోసిన పన బుధవారానికి గానీ ఎత్తడానికి రాదు. అంటే సరిగ్గా వాన వచ్చే వేళకు పంట నేల మీద ఉంటుంది. పన తడిస్తే గింజ మొలకెత్తడానికి మూడు రోజులు చాలు. మిషనుతో కోస్తే చేను ఆ పూటే ఖాళీ, కానీ ధాన్యం ఇరవై పైచిలుకు తేమతో వస్తుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు. ఆ తేడా దించడానికి రోడ్డు మీద రెండు మూడు మంచి ఎండలు కావాలి. అసలు కోయకుండా నిలబెట్టి ఉంచితే? వాన ఒక్కటే పడితే నిలబడ్డ చేను పెద్దగా లెక్కచేయదు, కంకి మీద నీళ్లు జారిపోయి గాలికి ఆరిపోతుంది. గాలి తోడైతే చేను పడిపోతుంది. పడ్డ చేలో నీళ్లు నిలిస్తే కంకి మునిగి మొలకలొస్తాయి.

ఇలా రాసుకున్నాక అడగాల్సిన ప్రశ్న మారిపోయింది. మెరక చేనుకు ‘ఎండ ఎన్ని రోజులు వరసగా దొరుకుతుంది’ అన్నది కావాలి. పల్లం చేనుకు ‘గాలి ఎంత వేగంతో వీస్తుంది, నీళ్లు ఎంతసేపు నిలుస్తాయి’ అన్నది కావాలి. వాన పడుతుందా లేదా అన్నది రెంటికీ ఆఖరి ప్రశ్న.

మెరకకు జవాబు ఆదివారమే దొరికింది. రెండు మోడళ్లూ గొడవపడని మూడు రోజులు చేతిలో ఉన్నాయి, గింజ ముదిరింది. ఎండతోపాటు గాలిలో తేమ కూడా చూశాను. డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ మంచుగా మారే ఉష్ణోగ్రత, మా దగ్గర తూర్పుగాలి రోజుల్లో 24, 25 డిగ్రీల దగ్గర తిష్ఠ వేస్తుంది, అప్పుడు ఎండ కాసినా ధాన్యం మెత్తగానే ఉంటుంది. ఆ మూడు రోజులకూ ఇరవైకి కాస్త అటూఇటూగా చూపిస్తోంది. అది ఆరే గాలి. అందుకని మెరక రెండెకరాలూ ఆదివారమే మిషనుతో కోయించి, ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద పోయమన్నాను. పొద్దున్న మంచు ఆరాక, తొమ్మిది దాటాక పరవడం, సాయంత్రం నాలుగున్నరకల్లా కుప్ప చేసి బరకం కప్పడం. ఒడిశా కథ నిజమైనా, నెల్లూరు కథ నిజమైనా ఈ పనిలో నష్టం లేదు. రెండు దారుల్లోనూ చెల్లే పని ముందు చేసేయడం అన్న సూత్రానికి ఇంతకు మించిన పాండిత్యం అక్కర్లేదు.

పల్లం మీద ఆ రోజు నిర్ణయం తీసుకోలేదు. తీసుకోవద్దని ఆయన్ను ఒప్పించడమే కష్టమైంది. కారణం ఇది: అల్పపీడనం ఇంకా పుట్టలేదు. పుట్టకముందు మోడళ్లు దాని కేంద్రాన్ని ఎవరికి తోచినచోట వాళ్లు పెడతాయి, అక్కడి నుంచే దారులు చీలిపోతాయి. కేంద్రం ఒకచోట కుదురుకున్నాక ఆ చీలిక చాలావరకు మూసుకుపోతుంది. ఒక్క రోజు ఆగితే దొరికే స్పష్టత ఎక్కువ, పల్లం చేను విషయంలో ఒక్క రోజు ఆగడానికి అయ్యే ఖర్చు తక్కువ. ఎటూ పచ్చి గింజే కదా. కానీ “ఆగుదాం” అంటే రైతు చెవికి “నాకు తెలీదు” అన్నట్టు ఉంటుంది. అందుకని ఆగడానికి ఒక గడియ, ఒక గుర్తు పెట్టాం. సోమవారం రాత్రి ఎనిమిదింటికి, కేంద్రం 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి పైకి ఎగబాకి బలపడుతుంటే ఒడిశా దారి; దానికి కిందే ఉండి పడమరకు జరుగుతుంటే నెల్లూరు దారి. ఈ రెండోది జరిగి, గాలి వేగం గంటకు యాభై కిలోమీటర్లు దాటుతుందని శాఖ చెబితే, మంగళవారం ఎంత బాడుగైనా సరే చైను మిషను దింపి పచ్చిగానే కోసేయడం. అప్పుడు తాలు, పచ్చి గింజ కింద ఎన్ని బస్తాలు పోతాయో కూడా వేలు మడిచి లెక్కపెట్టుకున్నాం.

ఈ లోపు చేయదగిన పని నీళ్ల దారి. ఇక్కడే ఈ కేసులో నాకు అన్నింటికన్నా ఆసక్తిగా అనిపించిన విషయం ఉంది. మా పల్లపు చేల మురుగు కాలువలు సముద్రంలోకి, గోదావరి పాయల్లోకి దిగుతాయి. పోటు మీద ఉంటే నీళ్లు దిగవు, ఒక్కోసారి వెనక్కి ఎక్కుతాయి కూడా. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు పెద్దది. ఆ వారం గురు, శుక్రవారాలకు కార్తీక పౌర్ణమి పడింది. అష్టమి నాడు పన్నెండు గంటల్లో తీసిపోయే వాన, పౌర్ణమి నాడు ఒకటిన్నర రోజు చేలో నిలుస్తుంది. ఏ మోడలూ ఈ లెక్క చెప్పదు, పంచాంగం చెబుతుంది. అంచనాలో తిథి వేయడం అప్పుడే మొదలుపెట్టాను. చదివినవాళ్లు జ్యోతిషం అనుకుని నవ్వారు. నవ్వని వాళ్లు సముద్రం మీద చేపల వేటకెళ్లేవాళ్లు, వాళ్లకిది పుట్టినప్పటి నుంచీ తెలుసు.

కాబట్టి సోమవారం ఆయన, కొడుకు కలిసి చేలో ఉన్న కాస్త తడి కూడా తీసేశారు. గట్టుకు రెండుచోట్ల గండి కొట్టి, మురుగు కాలువ దాకా బోదె చెక్కి, గుర్రపుడెక్క తూము దగ్గర అడ్డం పడకుండా లాగేశారు. ఆటు ఉన్న గంటల్లో నీళ్లు దిగడానికి దారి తెరిచి ఉండాలి, పోటు ఎక్కే వేళకు మూయడానికి మట్టి బస్తాలు పక్కన ఉండాలి. ఉప్పు బస్తా తెచ్చిపెట్టుకోమన్నాను. చేను పడిపోయి తడిస్తే లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున, అంటే 5 శాతం ఉప్పు నీళ్లు కంకుల మీద కొడితే మొలక ఆగుతుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పే పద్ధతి మా దగ్గర అందరికీ తెలిసిందే. వాన పడ్డాక కొట్లో ఉప్పు దొరకదు, అంతే.

సోమవారం రాత్రి

కేంద్రం 12 డిగ్రీలకు కిందే ఉంది. రెండు మోడళ్లూ దగ్గరికొచ్చాయి: పడమర–వాయవ్యంగా కదిలి, పెద్దగా బలపడకుండా దక్షిణ కోస్తా వైపు. జీఎఫ్ఎస్ తన ఒడిశా కథను చెప్పాపెట్టకుండా వదిలేసింది. శాఖ బులెటిన్ మా తీరానికి గంటకు 35 నుంచి 45 కిలోమీటర్ల గాలి, అప్పుడప్పుడు 55 అని చెప్పింది. అల్పపీడనం వాయుగుండం అనిపించుకోవాలంటే గాలి 31 దాటాలి, తుఫాను పేరు రావాలంటే 62. ఇది ఆ రెండో గీతకు దూరంగానే ఉంది.

యాభై దగ్గర పెట్టుకున్న గీత మీద ఈ ‘అప్పుడప్పుడు 55’ అడ్డంగా నిలబడింది. ఫోనులో చాలాసేపు మాట్లాడుకున్నాం. నా వాదన: 55 అన్నది ఆగి ఆగి కొట్టే విసురు, తీరపు ఒడ్డున. మేం ఒడ్డుకు ఇరవై కిలోమీటర్లు లోపల, చుట్టూ కొబ్బరితోటలు. నిలకడ గాలి 40 లోపే ఉంటుంది. గింజ ఇంకా పూర్తిగా బరువెక్కని చేను, నత్రజని కూడా మితంగానే వేసిన చేను, ఆ గాలికి మొత్తంగా పడదు. భూమి గలాయన ఫోను చేసి “అందరూ కోసేస్తుంటే నువ్వు చూస్తూ కూర్చుంటావేంటి” అన్నాడట. ఆయనకు తొందర దాళ్వా (రెండో పంట) నారుమళ్లది. ఈ మాట వచ్చాక రైతు కాస్త ఊగాడు. నిర్ణయం నాది కాదు బాబాయ్, చేను నీది, ఇవిగో రెండు వైపులా లెక్కలు, అని చెప్పి ఊరుకున్నాను. ఆయన భార్య ఫోను తీసుకుని, “పచ్చిది కోసి రోడ్డు మీద పోస్తే ఎండబెట్టేది నేనే కదండీ. బుధవారం నుంచి ఎండ లేదన్నారు మీరే. ఎక్కడ ఆరబెట్టను?” అంది. తేల్చింది ఆ ప్రశ్నే. పల్లం కోయలేదు.

ఏం జరిగింది

బుధవారం అర్ధరాత్రి దాటాక జల్లులు మొదలయ్యాయి. గురువారం ఎనిమిదిన్నరకు నా వానమాపకంలో నలభై మిల్లీమీటర్ల లోపే ఉంది. నాలుగు ఊళ్ల అవతల దానికి రెట్టింపు పడింది, ‘ఒకటి రెండు చోట్ల’ అంటే అదే. శుక్రవారం తెల్లవారుజామున మరో దఫా. గాలి విసురుగా వీచింది గానీ తోటల లోపల చెట్టు పడలేదు.

మంగళవారం సాయంత్రానికి మెరక ధాన్యంలో ముప్పాతిక వంతు 17 లోపు దిగి బస్తాలకెక్కింది. చివర్న పోసిన కుప్ప 19 దగ్గర ఆగింది. మూడు రోజులు బరకం కిందే ఉండాల్సి వచ్చింది, చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది. ఆవిడ పూటకోసారి బరకం ఎత్తి, కుప్పను తిరగేస్తూ కాచుకుంది. రంగు కొద్దిగా మారింది, మొలక రాలేదు. రంగు మారిన, మొలకెత్తిన గింజలు అన్నీ కలిపి 5 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు. ఈ కుప్ప గట్టెక్కింది.

పల్లం పూర్తిగా బతికి బయటపడిందని చెప్పలేను. తూర్పు గట్టున కొబ్బరిచెట్ల మధ్య ఖాళీ ఉన్న చోట గాలి సందులోంచి దూసుకొచ్చి, దాదాపు అరెకరం మేర చేను చాప చుట్టేసినట్టు పడిపోయింది. లోపలి చేను వంగి మళ్లీ లేచింది. అనుకున్నట్టే పోటుకు నీళ్లు దిగలేదు. శుక్రవారం మధ్యాహ్నం ఆటు గంటల్లో బోదె పనిచేసి సాయంత్రానికి కంకి కిందికి నీళ్లు తగ్గాయి. పడిన చోట నాలుగేసి దుబ్బులు కలిపి కట్టి నిలబెట్టారు, ఉప్పు నీళ్లు కొట్టారు. నెలాఖరులో పల్లం కోసినప్పుడు ఆ అరెకరంలో దిగుబడి బాగా తగ్గింది, మిగతాది ఎప్పటిలా పండింది.

పక్క చేలల్లో మనుషులతో కోయించిన పనలు తడిసి, తిరగేసి ఎండబెట్టే కూలికే చాలా పోయింది. దీన్ని నా అంచనా గెలుపుగా చెప్పుకోవడం సరికాదు. జీఎఫ్ఎస్ ఒడిశా కథ నిజమై ఉంటే పనలు వేసినవాళ్లు హాయిగా నూర్చుకునేవాళ్లు, మా రైతు మిషను బాడుగ దండగ పెట్టాడని నవ్వేవాళ్లు. అప్పుడు కూడా ఆదివారం నాటి నిర్ణయం సరైనదే అనేవాణ్ణి. ఆ రోజు చేతిలో ఉన్న సమాచారానికి, ఆయన మోయగలిగిన నష్టానికి అది సరిపోయింది. సొంత భూమి, వెనక డబ్బు ఉన్న రైతుకైతే అదే అంచనా మీద వేరే సలహా ఇచ్చేవాణ్ణి.

ఈ కేసు తర్వాత మారినవి

వారపు అంచనాలో ఇప్పుడు శాతాలు అడుగున ఉంటాయి, కావలసినవాళ్లు చూసుకుంటారు. పైన రాసేది ఇలా ఉంటుంది: “మంగళవారం సాయంత్రం దాకా ఆరబెట్టుకోవచ్చు, గాలి పొడిగా ఉంది. బుధవారం తర్వాత రెండు దారులు ఉన్నాయి. ఏ దారో సోమవారం రాత్రి ఎనిమిదింటికి చెబుతాను. ఈలోపు ముదిరిన చేను మిషనుతో కోయండి, పనలు వేయకండి, ముదరని చేను ముట్టుకోకండి. శుక్రవారం పౌర్ణమి, మురుగు దిగదు, బోదెలు ఇవాళే తీయండి.” సోమవారం ఎనిమిదింటికి చెప్పడానికి కొత్తగా ఏమీ లేకపోయినా ఆ గంటకు సందేశం వెళ్తుంది. చెప్పిన గడియకు మాట రాకపోతే, ఆ ఖాళీలోకి ఎవరో పంపిన ‘మహా తుఫాను’ ఆడియో దూరుతుంది.

తీరని చిక్కు ఒకటి మిగిలింది. ఆదివారం “ముదిరిన చేను మిషనుతో కోయండి” అని గ్రూపులో పెట్టిన గంటలో అందరూ మిషన్ల వాళ్లకే ఫోన్లు కొట్టారు, మధ్యాహ్నానికి గంట బాడుగ పెరిగిపోయింది. మా రైతు పొద్దున్నే మాట్లాడుకున్నాడు కాబట్టి పాత రేటు పడింది. ఆలస్యంగా చూసినవాళ్లు నా అంచనా వల్లే ఎక్కువ కట్టారు. ఒక్కొక్కరికి విడిగా చెబితే పక్షపాతం, అందరికీ ఒకేసారి చెబితే బాడుగ. ప్రస్తుతానికి మెరక ఊళ్లకూ పల్లపు ఊళ్లకూ వేర్వేరు గ్రూపులు చేసి, ఎవరి చేనుకు పనికొచ్చే ముక్క వాళ్లకే పంపుతున్నాను. కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఇంకొకటి. ఆ వారం నా అంచనాలో అచ్చంగా వాడకంలోకి వచ్చిన వాక్యాలు ఎండబోయడం గురించినవి, అంటే తొమ్మిదికి పరవండి, నాలుగున్నరకు కప్పండి అన్నవి. వాటిని వాడింది ఆయన భార్య. గ్రూపులో ఉన్నది ఆయన ఫోను, ఆ ఫోను పగలంతా ఆయనతో చేలో ఉంటుంది. ఇప్పుడు ఆరబెట్టే రోజుల్లో పొద్దున ఎనిమిదింటికి, ధాన్యం రోడ్డు మీద ఉన్న ఇళ్లకు ఇంట్లో ఉండే నంబరుకే ఫోను చేస్తున్నాను. మూడు ముక్కలే మాట్లాడతాను: ఇవాళ ఎన్ని గంటల ఎండ, గాలి ఎటు నుంచి, ఎన్నింటికి కప్పాలి.